ఎత్తు వేయుటకు ముందు

చదరంగము పుట్టుకతో వచ్చిన మేధకు గీటురాయి యని లోకమున నొక నమ్మకము పాతుకొని యున్నది. పాఠశాలలో ఒక విద్యార్థి రెండు మూడేండ్లు విడువక ఆడినను పోటీలలో ఓడుచునే యున్నచో, “వీనికి ఆ బుర్ర లేదు” అని పెద్దలు తేల్చివేయుదురు. కొన్నాళ్ళకు ఆ విద్యార్థియు ఆ తీర్పునే నమ్మును. పావులను పెట్టెలో సర్ది, పలకను అటక యెక్కించును. ఒక ఆటను మానుకొనుట పెద్ద నష్టము కాకపోవచ్చును. కాని “నా బుద్ధి యింతే” అను భావము పసి మనస్సులో నాటుకొనుట చిన్న నష్టము కాదు. అది చదరంగముతో ఆగదు; లెక్కల పుస్తకము మీదికిని, వ్యాకరణ పాఠము మీదికిని ప్రాకును.

కావున ఈ తీర్పు ఎంతవరకు న్యాయమైనదో విచారింపవలసి యున్నది. ఓడిన వానికి కొఱవడినది బుద్ధియా, లేక ఆడుచున్నంతసేపు ఆ బుద్ధిని నడపుకొను పద్ధతియా? మనశ్శాస్త్రజ్ఞుల పరిశోధనలును, మహాక్రీడాకారుల ఆత్మవిమర్శయు ఈ ప్రశ్నపై ఎంతో వెలుగు ప్రసరింపజేసినవి. వానిని తెలిసికొన్న వారెవ్వరును అంత తొందరగా తీర్పు చెప్పజాలరు.

మహారథుల పొరపాట్లు

1892లో క్యూబా రాజధానియైన హవానాలో స్టైనిట్జ్, చిగోరిన్ అను నిరువురి మధ్య ప్రపంచ విజేత పదవికై పోటీ జరిగెను. ఇరువదిమూడవ ఆటలో రష్యా వీరుడు చిగోరిన్ ఒక పావు అధికముగా గలిగి గెలుపు అంచున నుండెను. అది గెలిచియున్నచో ఇరువురి గెలుపులు చెరి తొమ్మిది యయ్యెడివి. ఆయన శకటు ఒకటి తన రాజు ముంగిట నున్న బంటును కాపాడుచుండెను. ఆ సంగతి మఱచి చిగోరిన్ ఆ శకటును వేరొక చోటికి కదల్చెను. స్టైనిట్జ్ ఏనుగులు రెండును అందుకే కాచుకొని యున్నట్లుండెను. రెండెత్తులలో ఆటకట్టు! ఆ యొక్క కదలికతో ఆటయే కాదు, పోటీయే ముగిసిపోయెను.

1956లో ఆమ్‌స్టర్‌డాము నగరమున పెట్రోసియన్, బ్రాన్‌స్టీన్ తలపడిరి. బ్రాన్‌స్టీన్ పావులు కదలుటకు తావు లేక ముడుచుకొని యున్నవి. పెట్రోసియన్ తన గుర్రమును ముందుకు ఉఱికించెను. కాని ఎదుటివాని గుర్రము అంతకుముందే తన మంత్రికి గుఱి పెట్టి నిలిచినదని ఆయన గమనింపలేదు. మంత్రి పోయెను, దానితో ఆటయు పోయెను. ఆ పెట్రోసియనే 1963లో జగజ్జేత యయ్యెను. రాబోవు ప్రమాదమును దూరమునుండియే పసిగట్టుటలో ఆయన కాయనే సాటి యని ప్రసిద్ధి.

2006లో జర్మనీలోని బాన్ నగరమున నాటి జగజ్జేత క్రామ్నిక్ ‘డీప్ ఫ్రిట్జ్’ అను కంప్యూటరుతో ఆడెను. రెండవ ఆటలో ఆయన తన మంత్రిని ధీమాగా ముందుకు నడపెను. మఱుక్షణమున యంత్రము ఒకే ఎత్తులో ఆట కట్టివేసెను.

ఈ మువ్వురికిని తెలియనిదేమున్నది? బంటును కాపాడవలెననియు, మంత్రిని ఊరక అప్పగింపరాదనియు, ఒక్క ఎత్తులో వచ్చు ఆటకట్టును కనిపెట్టవలెననియు మొదటి వారములోనే పిల్లలకు నేర్పుదురు. వారి లోపము జ్ఞానమున లేదు. తన పథకమునందే చూపు నిలిచిపోయి, ఆ క్షణమున అడుగవలసిన ఒక చిన్న ప్రశ్న అడుగకపోవుటలో నున్నది. మహారథులకు ఇట్టి మఱపు అరుదుగా వచ్చును. పాఠశాల విద్యార్థికి తఱచుగా వచ్చును. జాడ్యము మాత్రము ఒక్కటే.

నిపుణుని చూపు

నిపుణులు ఎట్లు ఆలోచింతురో శాస్త్రీయముగా శోధించినవారిలో హాలండు దేశీయుడు అడ్రియాన్ డి గ్రూట్ అగ్రగణ్యుడు. ఆయన మనశ్శాస్త్రజ్ఞుడే కాక, 1937, 1939 సంవత్సరముల ఒలింపియాడులలో తన దేశము పక్షమున ఆడిన చదరంగ క్రీడాకారుడు కూడ. అలెఖిన్, కెరెస్ మొదలగు ఉద్దండుల ముందును, సామాన్య క్రీడాకారుల ముందును ఒకే స్థితిలోని పలకను ఉంచి, “మీకు తోచినది తోచినట్లు పైకి చెప్పుచు ఎత్తును ఎన్నుకొనుడు” అని కోరి, ఆ మాటలను వ్రాసికొనెను. దాని ఫలితములను 1946లో గ్రంథరూపమున వెలువరించెను.

ఉద్దండులు పది పదునైదు ఎత్తుల దూరము చూతురనియు, ఇతరులు రెండు మూడింటితో ఆగుదురనియు జనులు తలంచుచుండిరి. డి గ్రూట్‌కు అంతటి భేదము కానరాలేదు. లెక్కించిన ఎత్తుల సంఖ్యయందును, లోతునందును ఇరు తెగలును చాలవఱకు దగ్గఱగనే యుండిరి. తరువాతి పరిశోధనలలో ఉత్తములు కొంత లోతుగా చూచుట కన్పట్టినను, అదియొక్కటే వారి ఆధిక్యమునకు మూలము కాదని స్పష్టమయ్యెను. అసలు భేదము ఎక్కడనగా, ఉద్దండుడు మొదటినుండియు మంచి ఎత్తులనే పరిశీలించుచున్నాడు; ఇతరుడు పనికిరాని ఎత్తులపై శ్రమను ధారపోయుచున్నాడు.

ఈ నేర్పు ఎచ్చటిది? 1973లో అమెరికాలో చేస్, సైమన్ అను శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము ప్రకటించిరి. నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకనులు మాత్రము చూపి, పలకను మఱల పేర్చుమనిరి. ఉత్తముడు అధిక భాగము సరిగా పేర్చెను. క్రొత్తవాడు నాలుగైదు పావులకంటె పేర్చలేకపోయెను. పిదప పావులను అడ్డదిడ్డముగా చల్లి చూపిరి. అప్పుడు ఉత్తముని ఆధిక్యము దాదాపుగా మాయమయ్యెను. అనగా అతని జ్ఞాపకశక్తి దైవదత్తమైన వింత కాదు. అక్షరములు కూడబలుకుకొను పిల్లవానికి విడివిడిగా కనబడు గుణింతములు పెద్దవానికి ఒక్క పదముగా కనబడునట్లే, అతనికి పావుల కూర్పులు అర్థవంతమైన పదములుగా కనబడుచున్నవి. ఇది అభ్యాసముచే వచ్చిన సంపద. ఎవ్వరైనను కొంత కొంతగా కూడబెట్టుకొనవచ్చును.

మొదటి ఆలోచన యను ముసుగు

ఐతే ఈ సంపదయే ఒక్కొక్కప్పుడు కన్నులకు ముసుగు వేయును. 2008లో బిలాలిచ్, మక్లియడ్, గోబే అను పరిశోధకులు ఒక చిక్కు సమస్యను నిపుణుల ముందుంచిరి. అందులో అందఱికి పరిచితమైన అయిదెత్తుల ఆటకట్టు ఒకటి కలదు. అంతగా పరిచితము కాని మూడెత్తుల ఆటకట్టు మఱియొకటి కలదు. నిపుణులు మొదటిదానిని ఇట్టే పట్టుకొనిరి. “ఇంతకంటె చిన్నది కలదేమో వెదకుడు” అన్నప్పుడు వెదకితిమనియు, కనబడలేదనియు పలికిరి. వారి కనుపాపల కదలికలను యంత్రముతో కొలిచి చూడగా, వారి చూపు మఱల మఱల ఆ మొదటి పరిష్కారమునకు చెందిన గడులపైననే వ్రాలుచుండెను. పాత దారి మూసివేసిన మఱియొక పలకను ఇచ్చినప్పుడు, చిన్న దారి వారికి కానవచ్చెను.

ఇందు గమనింపదగినది వారి నిజాయితీ. వారు వెదకలేదని కాదు. వెదకుచున్నామని మనస్ఫూర్తిగా నమ్మిరి. “జాగ్రత్తగా చూడుము” అని విద్యార్థిని ఎన్నిమార్లు గద్దించినను ప్రయోజనము లేకపోవుట ఇందువలననే. అతడు జాగ్రత్తగనే చూచుచున్నానని అనుకొనుచున్నాడు. కావలసినది గద్దింపు కాదు. చూపును బలవంతముగా వేరొక ప్రక్కకు మఱలించు ప్రశ్నల క్రమము కావలెను.

నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: “ఎదుటివాడు ఇప్పుడు వేసిన ఎత్తునకు కారణమేమి?” ఎత్తుకు పై ఎత్తు అను మన జాతీయములోనే ఈ సూత్రము దాగియున్నది. పై ఎత్తు వేయవలెనన్న ముందు ఎత్తు తెలియవలెను గదా! కాని సామాన్యముగా ఆటగాడు ఎదుటివాడు ఆలోచించుచున్నంతసేపు తన ఎత్తును సిద్ధము చేసికొని, అతని చేయి పలకపైనుండి లేచిన తోడనే దానిని వేసివేయును. ఆ నడుమ లోకము మాఱినదని గుర్తింపడు. పెట్రోసియన్ మంత్రిని బలిగొన్నది ఈ తొందరయే.

రెండవ ప్రశ్న: “ఇక్కడ పరిశీలింపదగిన ఎత్తులు ఏవేవి?” సోవియట్ గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ కోటోవ్ ఈ విషయమును చక్కగా వివరించెను. 1971లో ఆంగ్లమున వెలువడిన ఆయన గ్రంథము ‘థింక్ లైక్ ఎ గ్రాండ్‌మాస్టర్’లో ఒక ఆటగాని అవస్థ వర్ణితమైనది. అతడు ఒక ఎత్తును లెక్కించి, నచ్చక రెండవదానికి పోవును. అదియు నచ్చక మఱల మొదటిదానికి వచ్చును. ఇట్లు అటునిటు ఊగులాడుచుండగా గడియారము పరుగెత్తును. తుదకు అతడు ఉలికిపడి, ఏ మాత్రము పరిశీలింపని మూడవ ఎత్తును వేసి ఓడిపోవును. దీనికి కోటోవ్ చెప్పిన మందు సులభము. ముందు తగిన ఎత్తులనన్నింటిని పేరు పేరున ఎంచుకొనవలెను. పిదపనే ఒక్కొక్కదానిని లెక్కింపవలెను.

కోటోవ్ ఇంకొక కఠిన నియమము కూడ విధించెను. ఏ శాఖనైనను ఒకసారియే పరిశీలింపవలెననియు, మఱల వెనుకకు రాకూడదనియు చెప్పెను. ఇది అందఱికి సమ్మతము కాలేదు. డి గ్రూట్ పరీక్షించిన ఉద్దండులు ఒకే ఎత్తునకు పలుమార్లు తిరిగి వచ్చుచు, వచ్చినప్పుడెల్ల మఱికొంత లోతునకు దిగుచుండిరి. కావున తిరిగి వచ్చుట దోషము కాదు. క్రొత్త ప్రశ్న లేకుండ తిరిగి వచ్చుటయే దోషము.

మూడవ ప్రశ్న: “నా ఎత్తును చెడగొట్టదలచిన, నేనేమి చేయుదును?” 2004లో ఐర్లండులో మిషెల్ కౌలీ, రూత్ బర్న్ అను పరిశోధకురాండ్రు ఒక భేదమును కనుగొనిరి. నేర్పు తక్కువ గలవారు తమ పథకమునకు అనుకూలముగా ఎదుటివాడు ఆడునని ఊహించుకొందురు. ఉత్తములు తమ పథకమును కూల్చగల ఎత్తును తామే వెదకుదురు. మన ఊహలో ఎదుటివాడు మన మాట వినును, పలకపై వినడు. కావున ఒక్క క్షణము పలకకు ఆవలి ప్రక్క కూర్చున్నట్లు భావించి చూచుట మేలు.

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె చిన్నది: “ఈ ఎత్తు వేసిన తోడనే నాకు వచ్చు ముప్పు కలదా?” మాస్కో క్రీడాకారుడు బ్లూమెన్‌ఫెల్డ్ దీనికొక ఉపాయము చెప్పెను. ఎత్తు నిశ్చయించిన పిదప దానిని ముందు కాగితముపై వ్రాసి, పెద్ద పెద్ద లెక్కలను మఱచి, నేడే ఆట నేర్చిన వాని కన్నులతో పలకను ఒక్కసారి చూడవలెను. ఒక్క ఎత్తులో ఆటకట్టు కలదా? మంత్రి గాని ఏనుగు గాని ఊరక పోవుచున్నదా? చిగోరిన్, క్రామ్నిక్ ఇరువురిని రక్షింపగలిగిన చూపు ఇది. అంతర్జాతీయ నిబంధనల ననుసరించి 2005 నుండి ఎత్తును ముందుగా వ్రాయుట నిషిద్ధమైనది. కావున వ్రాతను మాని, మనస్సులోనే చెప్పుకొని చూడవలెను.

ఈ నాలుగును ప్రతి ఎత్తునకు దీర్ఘముగా అడుగుచు కూర్చున్నచో గడియారము సహింపదు. మొదటిదియు నాలుగవదియు క్షణములలో ముగియును. అవి ఎన్నడును విడువరానివి. నడిమి రెండును ఆట మలుపు తిరుగు చోట్ల తీరికగా అడుగవలసినవి. తొలి దినములలో ఇది చేతికి సంకెల వేసినట్లు తోచును. ఆట మునుపటికంటె నెమ్మదించును. ఒకటి రెండు ఓటములు అధికము కూడ కావచ్చును. అభ్యాసము ముదిరిన పిదప ప్రశ్నలు పిలువకయే వచ్చును.

సింగపూరు చెప్పిన పాఠము

2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో ప్రపంచ విజేత పదవికి జరిగిన పోటీలో పదునాలుగవ ఆట, చివరి ఆట, నడచుచుండెను. చైనా క్రీడాకారుడు డింగ్ లిరెన్ ఒక ప్రక్క. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన పదునెనిమిదేండ్ల గుకేశ్ మఱియొక ప్రక్క. అంతవఱకు ఇరువురును సమానముగా నుండిరి. పలకపై చెరియొక ఏనుగు, చెరియొక శకటు మిగిలినవి. గుకేశ్‌కు ఒక బంటు మాత్రము అధికము. ఆట సరిసమానముగా ముగియునని చూపఱులలో పలువురు నిశ్చయించుకొనిరి.

ఏబదియైదవ ఎత్తున డింగ్ ఏనుగుల మార్పిడికి సిద్ధపడెను. మార్పిడి జరిగినచో ఆట తేలికపడునని తలంపు. కాని ఆయన శకటు పలక మూలన నుండెను. ఏనుగులు తొలగిన పిదప గుకేశ్ తన శకటును దానికి ఎదురు నిలిపినచో అది తప్పించుకొను దారి లేదు. ఆ మార్పిడియు జరిగి తీరును. అప్పుడు ఆ యొక్క బంటే గెలుపును తెచ్చును.

ఇక్కడ గుకేశ్ చేసినది విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలెను. అది పొరపాటని తొలుత తనకు తట్టలేదనియు, వేరొక ఎత్తు వేయబోయి, అంతలో ఎదుటి శకటు చిక్కుకొనిన సంగతిని చూచితిననియు ఆయన ఆట ముగిసిన పిదప చెప్పెను. సిద్ధముగా నున్న ఎత్తును వేసివేయక మఱల పలకను చూచుటకు పట్టినది స్వల్పకాలము. ఆ స్వల్పకాలములోనే గెలుపు కలదు. మూడెత్తుల పిదప డింగ్ ఓటమి నంగీకరించెను. గుకేశ్ జగజ్జేత యయ్యెను.

ఆట ముగిసిన తరువాత

ఆలోచించు తీరు ఆటనడుమ మాఱవలెనన్న, దాని దోషములను ఆట ముగిసిన పిదప పట్టుకొనవలెను. ఈ విద్యలో సోవియట్ వీరుడు బోట్విన్నిక్ ఆదర్శప్రాయుడు. తన ఆటలను తానే నిర్దయగా విమర్శించి, ఇతరులు తప్పు పట్టుటకు వీలుగా ఆ విమర్శను ప్రకటింపవలెనని ఆయన బోధించెను. 1960లో ఇరువదిమూడేండ్ల టాల్ చేతిలో 12½–8½ తేడాతో ఓడి పదవిని పోగొట్టుకొనెను. అప్పుడాయనకు నలువదియెనిమిదేండ్లు. ఆయన కాలము తీరినదని పలువురు భావించిరి. బోట్విన్నిక్ మాత్రము టాల్ ఆటలతోపాటు తన ఆటలను కూడ శోధించి, మఱుసటి యేట 13–8 తేడాతో పదవిని తిరిగి గైకొనెను. ఒక్క యేడాదిలో ఆయనకు క్రొత్త మెదడు రాలేదు. ఉన్న మెదడును తాను నడపిన తీరును పరీక్షించుకొనెను.

ఉపాధ్యాయులకు ఇందు చక్కని సాధనము కలదు. విద్యార్థి ఓడి వచ్చినప్పుడు, “ఇంత తేలిక ఎత్తు కనబడలేదా?” అని అడిగినచో అతడు తల వంచును, అంతకు మించి ఫలము లేదు. “ఆ ఎత్తు వేయునప్పుడు నీ మనస్సులో ఏమున్నది? ఎదుటివాని ఎత్తు చూచితివా? ఇంకే ఎత్తులు తలంచితివి?” అని అడిగినచో అతడు నోరు విప్పును. అతని సమాధానములను ఒక పుస్తకములో వ్రాయించవలెను. యంత్రము చూపిన సరియైన ఎత్తును చూచుటకు ముందే ఇది జరుగవలెను. జవాబు తెలిసిన పిదప తన అసలు ఆలోచనను ఎవ్వరును ఉన్నదున్నట్లు చెప్పలేరు. పది ఆటల వ్రాతలు ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో, పెక్కు పొరపాట్లు ఒకే కుదుటినుండి మొలచుచున్నట్లు విద్యార్థికే తెలియును. ఒకనిది తొందర, ఒకనిది ఎదుటివానిని లెక్కచేయకపోవుట, ఇంకొకనిది మొదటి ఎత్తుపై వ్యామోహము. కుదురు తెలిసిన కలుపును పెఱకుట కష్టము కాదు.

చదరంగము నేర్చినంతనే ఇతర విద్యలు వాటంతట అవి వచ్చునని మాత్రము ఆశింపరాదు. ఇంగ్లండులో నూఱు ప్రాథమిక పాఠశాలలను ఎన్నుకొని, వానిలో సగమింటి పిల్లలకు ఒక యేడాది చదరంగము నేర్పి జరిపిన పరిశోధనయొక్క ఫలితములు 2016లో వెలువడినవి. ఆ పిల్లలు లెక్కలలో ఇతరులకంటె ముందున్నట్లు ఆధారమేమియు కనబడలేదు. పలకపై అబ్బిన అలవాటు పలకపైననే నిలిచిపోవచ్చును. దానిని లెక్కల తరగతికి తోడ్కొనిరావలసినవాడు ఉపాధ్యాయుడే. “ప్రశ్న నిన్ను అడిగినదేమి? ఏయే దారులు కలవు? నీ జవాబు తప్పని నిరూపింపవలెనన్న ఎట్లు చేయుదువు? కాగితము ఇచ్చుటకు ముందు ఒక్కసారి చూచితివా?” అని అక్కడ కూడ అడిగినప్పుడే ఆ నాలుగు ప్రశ్నలు విద్యార్థికి సొంతమగును.

ప్రశ్నల క్రమము జ్ఞానమునకు మాఱు కాదు. ఆట ముగింపులను నేర్వని వాడు ఎంత క్రమముగా ఆలోచించినను నేర్చినవాని చేతిలో ఓడును. కాని నేర్చిన కొద్దియైనను సమయమునకు అక్కఱకు వచ్చుట ఆ క్రమమువలననే. “నిదానమే ప్రధానము” అని పెద్దలు చెప్పినప్పుడు ఊరక ఆలస్యము చేయుమని భావము కాదు. ఆ నిదానములో చేయవలసిన పని యొకటి కలదు. ఆ పని నేర్పకయే, పలకను అటక యెక్కించిన పిల్లవానిని చూచి “బుద్ధి లేదు” అనుట తొందరపడి వేసిన ఎత్తు. చదరంగమున వేసిన ఎత్తును వెనుకకు తీసికొనరాదు. ఉపాధ్యాయుడు మాత్రము ఈ ఎత్తును వెనుకకు తీసికొనవచ్చును. పలకను క్రిందికి దింపి, ఆ పిల్లవాని ఎదుట కూర్చుండి, మొదటి ప్రశ్న అడిగిన చాలును.